కౌమార రహస్య సంభాషణల్లో దేహభావన: కర్నూలు – కడప సీమ పదసంపద వెలుగులో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: కౌమార వయస్సులోని బాలబాలికలు తమ శరీరాన్ని గురించి స్నేహితులతో సెల్‌ఫోన్ సందేశాల్లో పంచుకొనే మాటలను సంభాషణా ప్రక్రియగా గుర్తించి, వాటి పదసంపదను, వాక్యనిర్మాణాన్ని, సాహిత్య పూర్వరంగాన్ని కర్నూలు, కడప ప్రాంతాల భాషా నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. సీమ వాడుకలో దేహవాచకాలకు ఉన్న అర్థ విస్తృతి నేటి సందేశాల్లో కుంచించుకుపోతున్నదని, సంప్రదాయ సాహిత్యంలో సాక్షిగా ఉన్న సఖి నేడు తీర్పరిగా మారుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దేహభావన, కౌమార భాష, సీమ మాండలికం, సఖీవాక్యం, కళాపూర్ణోదయం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శకు దేహవర్ణన కొత్త విషయం కాదు. ప్రబంధాల్లోని నఖశిఖపర్యంత వర్ణనల మీద, శృంగార సంకీర్తనల్లోని నాయికా స్వరూపం మీద, స్త్రీవాద కవిత్వంలోని శరీర స్పృహ మీద విస్తారమైన పరిశోధన జరిగింది. వీటిలో మొదటి రెండింటిలో దేహాన్ని వర్ణించేవాడు కవి. మూడవదానిలో తన దేహాన్ని గురించి తానే మాట్లాడేది వయోజన స్త్రీ. పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య వయస్సువారు తమ దేహాన్ని గురించి తమ ఈడువారితో ఏమి మాట్లాడుకొంటారన్నది మాత్రం తెలుగు విమర్శ పరిధిలోకి రాలేదు. ఆ మాటలు ఇంతకాలం బావిగట్టు దగ్గర, బడి వరండాలో పుట్టి అక్కడే ఆవిరైపోయేవి. ఇప్పుడు అవి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సందేశాలుగా లిఖితరూపం పొందుతున్నాయి. లిఖితమైన ప్రతి వాక్యమూ భాషాసాహిత్య విద్యార్థి దృష్టికి అర్హమైనదే.

ఈ విషయంపై పాశ్చాత్య అధ్యయనాలు గమనించదగినవి. అమెరికాలోని కౌమార బాలికల సంభాషణలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త మిమీ నిక్టర్ 2000లో ప్రచురించిన గ్రంథంలో, 'నేను లావైపోయాను' అనే మాట బరువుకు సంబంధించిన సమాచారం కంటే స్నేహబృందంలో జరిగే ఒక తంతు వంటిదని వివరించారు. ఆ మాటకు 'లేదు, నువ్వు లావు కాదు' అనే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. నల్లజాతి బాలికల సంభాషణల్లో ఈ తంతు అంత బలంగా లేదనీ, ఉన్న రూపాన్ని తమదైన తీరులో నిలబెట్టుకోవడానికి వారు ప్రాధాన్యం ఇస్తారనీ ఆమె గుర్తించారు. అంటే దేహభావన భాషా సముదాయాన్ని బట్టి మారుతుంది. 2021లో ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన ఫేస్‌బుక్ సంస్థ అంతర్గత పత్రాల్లో, తమ శరీరం పట్ల అసంతృప్తితో ఉన్న కౌమార బాలికల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ అసంతృప్తిని పెంచిందని చెప్పినట్లు ఉంది. ఈ అంకె బాధ పరిమాణాన్ని సూచిస్తుంది. ఆ బాధ ఏ భాషలో, ఏ పదాలతో రూపుదిద్దుకొంటున్నదో చెప్పవలసింది భాషాసాహిత్య అధ్యయనమే.

2. పరిధి, పద్ధతి

రహస్య సందేశాల అధ్యయనంలో మొదటి ప్రశ్న నైతికమైనది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సర్వోన్నత న్యాయస్థానం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో స్పష్టం చేసింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని బాలలుగానే పరిగణిస్తుంది. ఈ కారణంగా ప్రస్తుత వ్యాసంలో ఏ ఒక్కరి సందేశమూ ఉటంకింపబడలేదు. ఇక్కడ ఉదాహరించిన వాక్యాలు సీమ వాడుకలోని వాక్యనిర్మాణాలకు నమూనాలు మాత్రమే. పరిశీలనకు ఆధారం ఆ సంభాషణలు ఏ పదసంపద నుంచి పుడుతున్నాయో ఆ పదసంపద, ఏ సాహిత్య సంస్కారం వాటి వెనుక ఉన్నదో ఆ సాహిత్యం.

3. దేహవాచకాల అర్థ పరిణామం

కర్నూలు, కడప సీమల్లో దేహాన్ని సూచించే పదాలు ముందు మనుషుల పేర్లుగా కనిపిస్తాయి. కర్రెన్న, కర్రెప్ప, నల్లన్న, ఎర్రన్న, బక్కన్న, పొట్టెన్న, గిడ్డయ్య వంటి పేర్లు ఈ ప్రాంతపు ఓటర్ల జాబితాల్లోనూ, పొలం పాసుపుస్తకాల్లోనూ నేటికీ ఉన్నాయి. గిడ్డ అంటే పొట్టి. ఆ మాట పేరై 'అయ్య' చేర్చుకొన్నప్పుడు లోపసూచన తొలగి గౌరవం చేరింది. మనిషి రంగు, ఎత్తు, ఒడ్డు అతని గుర్తుగా మారాయి తప్ప అతని మీద తీర్పుగా మారలేదు.

'లావు' అనే పదం చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. ప్రాచీన తెలుగులో దీనికి ప్రధానార్థం బలం. మొసలి నోట చిక్కిన పోతన గజేంద్రుడు తనలో ఏమాత్రం మిగలలేదని మొరపెట్టుకొన్నది ఈ లావు గురించే. ఆధునిక వాడుకలో అది స్థూలత్వాన్ని మాత్రమే సూచిస్తున్నది. 'దొడ్డ' విషయమూ ఇటువంటిదే. కన్నడ సరిహద్దు సీమలో పెద్ద అనే అర్థంలో విరివిగా వాడే ఈ మాట 'దొడ్డ మనసు', 'దొడ్డవాడు' వంటి ప్రయోగాల్లో ఔదార్యాన్ని సూచిస్తుంది. దేహ విస్తారానికీ మనో విస్తారానికీ ఒకే మాట సరిపోయిన భాష ఇది.

దీనికి ఎదురుగా 'బక్క' అనే పదంలో ఆకలి జ్ఞాపకం ఉంది. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలోని తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. ఆ కరువుకాలంలో మద్రాసు రాజధానిలో విలోబీ వాలెస్ హూపర్ తీసిన ఛాయాచిత్రాల్లో మనుషులు ఎముకల గూళ్లుగా కనిపిస్తారు. తమ దేహాన్ని ఎలా చూపించాలన్న నిర్ణయంలో ఆ మనుషులకు ఏ ప్రమేయమూ లేదు. 'బక్కచిక్కు' అనే క్రియ మనిషికీ పశువుకూ సమానంగా వర్తిస్తుంది. కావ్యభాష మెచ్చుకొన్న మాట 'సన్నం', సన్నని నడుము వంటిది. ఆకలి మిగిల్చిన మాట 'బక్క'. సీమలో ఈ రెంటికీ మధ్య గీత స్పష్టంగా ఉండేది. సందేశాల భాషలోకి వచ్చిన 'స్లిమ్' ఆ గీతను చెరిపేసింది. కడుపు మాడ్చుకొని బక్కచిక్కడం కూడా స్లిమ్ అనే మాట కింద ప్రశంసకు పాత్రమవుతున్నది. కరువు నేల మీద ఈ అర్థ విపర్యయం ఉపేక్షించదగినది కాదు.

రంగు పదాల పరిణామం మరింత లోతైనది. మేనిచాయ తేటగా ఉన్నవారిని సీమ వాడుక తెలుపు అనదు, ఎరుపు అంటుంది. 'ఎర్రగా బుర్రగా' అనే జంటపదం ఇందుకు నిదర్శనం. ఎరుపుకూ నలుపుకూ మధ్య చామనచాయ ఉంది. 'శ్యామ' శబ్దం నుంచి వచ్చిన ఈ మాట రాముడికీ కృష్ణుడికీ చెందిన వర్ణాన్నే సామాన్యుడికీ ఇచ్చింది. నేల భాషలో నలుపు విలువ ఇంకా ఎక్కువ. నల్లమల, ఎర్రమల కొండల మధ్య కుందూ పారే లోయలో నల్లరేగడి ఉన్న రైతుకు ఎర్రనేల ఉన్న రైతు కంటే ఎక్కువ పరపతి. మట్టి విషయంలో నలుపును కోరుకొన్న కుటుంబమే కోడలి విషయంలో ఎరుపును కోరుకోవడం సీమ సమాజంలోని వైరుధ్యం. పెళ్లిచూపుల నాటి ఈ పక్షపాతం పాతదే. అయితే 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ వంటి లేపనాలు మేనిచాయను పుట్టుకతో వచ్చిన గుర్తు నుంచి ప్రయత్నంతో మార్చుకోవలసిన లోపంగా మార్చాయి. 2020లో ఆ లేపనం పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరులోని రంగు పోయినా అది నాటిన భావన పోలేదు. చామనచాయ అనే నడిమి మెట్టు కౌమార సంభాషణల్లో కనుమరుగై, 'ఫెయిర్', 'బ్లాక్' అనే రెండు కొసలే మిగులుతున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కర్రెన్న, గిడ్డయ్య వంటి పేర్లు ఎక్కువగా శ్రమజీవుల కులాల్లో కనిపిస్తాయి. నలుపును కులంతో ముడిపెట్టి అవమానించిన చరిత్ర కూడా ఈ నేలదే. కాబట్టి గతాన్ని దేహసమానత్వపు స్వర్ణయుగంగా చిత్రించడం చారిత్రక దోషం. దళిత స్త్రీల సాహిత్య సంకలనానికి 'నల్లపొద్దు' అనీ, మాదిగ స్త్రీల కథల సంకలనానికి 'నల్లరేగటి సాల్లు' అనీ పేర్లు పెట్టడం వెనుక ఆ అవమానానికి జవాబు ఉంది. అవమానంగా విసిరిన రంగునే ఆ రచయిత్రులు పొద్దుకూ పంటనేలకూ జతచేసి తిరిగి స్వాధీనం చేసుకొన్నారు. పదానికి పూర్వ గౌరవం దానంతట అది రాదనీ, దానిని ఎవరో ఒకరు పూనుకొని తేవలసి ఉంటుందనీ ఈ సంకలనాల పేర్లు తెలుపుతున్నాయి.

4. వాక్యనిర్మాణంలో దేహం

తన దేహాన్ని గురించి చెప్పుకోవడానికి తెలుగులో ప్రధానంగా నాలుగు వాక్యనిర్మాణాలున్నాయి. 'నేను నల్లగుండా' అనేది స్థితిని తెలుపుతుంది. 'నేను లావైపోయినా' అనేది మార్పును తెలుపుతుంది. 'నేను పొట్టిదాన్ని', 'నేను పొట్టోణ్ణి' అనేవి స్థితినీ మార్పునూ దాటి గుర్తింపును తెలుపుతాయి. 'నన్ను లావంటాండారు' అనేది పరుల మాటను తెలుపుతుంది.

ఈ నాలుగింటి మధ్య తేడా వ్యాకరణానికి మాత్రమే పరిమితం కాదు. స్థితి మారవచ్చు, మార్పు వెనక్కి మళ్లవచ్చు. 'పొట్టిదాన్ని' అన్నప్పుడు విశేషణమే విశేష్యమై, దానికి ఉత్తమపురుష ప్రత్యయం చేరి, మనిషి అంతా ఆ ఒక్క గుణంగా మిగులుతుంది. క్రియ లేని ఈ వాక్యంలో కాలం కూడా లేదు. కాలం లేని వాక్యంలో మార్పుకు చోటు ఉండదు. కౌమార సంభాషణ స్థితి వాక్యం నుంచి గుర్తింపు వాక్యానికి జారిన చోట వేదన తీవ్రమైనదని గ్రహించవచ్చు. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఇది పనికివచ్చే గమనిక.

నాలుగవ నిర్మాణంలో 'అను' ధాతువు కీలకం. 'అంటాండారు' అనే క్రియకు కర్త చాలాసార్లు లోపిస్తుంది. అన్నదెవరో తెలియని మాట అందరూ అన్న మాటగా బరువెక్కుతుంది. చాటున పుట్టిన ఒక్క వ్యాఖ్య లోకాభిప్రాయంగా మారడానికి ఈ కర్తృలోపం దారి చేస్తుంది.

ఇక వాక్యాంతంలో చేరే 'కదే', 'కదప్పా' అనే పదాలు. 'లావైపోయినా కదే' అన్న వాక్యం రూపంలో ప్రకటన, స్వభావంలో అభ్యర్థన. అది అంగీకారాన్ని అడుగుతూ నిరాకరణను కోరుకొంటుంది. నిక్టర్ చెప్పిన తంతు తెలుగులో ఈ చిన్న పదం మీద నడుస్తున్నది. సమస్య జవాబులో ఉంది. 'లేదులే, నువ్వేమంత నల్లగా లేవు' అన్న ఓదార్పు, నలుపు లోపమే అన్న భావనను అంగీకరించిన తరువాతే పుడుతుంది. స్నేహితురాలు బాధను తగ్గిస్తూ బాధకు మూలమైన విలువను బలపరుస్తుంది. 'నల్లగుండావు, ఐతే ఏమి?' అనే సీమ జవాబుకు ఈ దోషం లేదు. అది గుణాన్ని ఒప్పుకొని తీర్పును తోసిపుచ్చుతుంది. కర్రెన్న అనే పేరు చేసిన పని కూడా ఇదే.

5. సాక్షి నుంచి తీర్పరి

రహస్యమైన దేహ సంభాషణకు తెలుగు సాహిత్యంలో స్థిరమైన పాత్ర సఖి. కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుల శృంగార సంకీర్తనల్లో అనేకం చెలికత్తె మాటలుగా సాగుతాయి. నాయిక చిక్కిపోవడం, చెమర్చడం, వడలిపోవడం చెలికత్తె గమనించి నాయకుడికి నివేదిస్తుంది. ఆమె చూపు నాయిక దేహం మీదనే ఉన్నా దాని వెనుక పోలిక లేదు. దేహం ఆమెకు మనసు చదివే పుస్తకం. సూరన 'ప్రభావతీ ప్రద్యుమ్నము'లో శుచిముఖి అనే హంస రాయబారం నడిపినప్పుడు కూడా దేహవర్ణన ఇద్దరిని కలపడానికే ఉపయోగపడింది.

సందేశాల్లోని స్నేహితురాలికి అప్పగించిన పని వేరు. ఫోటో పంపి 'ఎట్లుండా?' అని అడిగినప్పుడు ఆమె సాక్షి స్థానం నుంచి తీర్పరి స్థానానికి జరుగుతుంది. ఆమె చూడవలసింది మనసు తెలిపే దేహాన్ని కాదు, మార్కులు పొందవలసిన బొమ్మను. జవాబు ఆలస్యమైనా అది తీర్పుగానే అందుతుంది. సఖీవాక్యంలో మౌనానికి విరహ భావం ఉండేది; ఇక్కడ మౌనానికి తిరస్కార భావం వచ్చింది.

ఎగతాళి విషయంలోనూ మార్పు కనిపిస్తుంది. పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల మీద పాడే ఎగతాళి పాటల్లో దేహాన్ని గేలిచేయడం సహజం. అయితే ఆ పాటకు ఒక వేళ, ఒక చోటు, ఎదురుపాట పాడే హక్కు ఉండేవి. పందిరి విప్పడంతో పాట కూడా ముగిసేది. సందేశంలోని గేలికి ఈ మూడూ లేవు. వాట్సాప్ 2020లో మాయమయ్యే సందేశాలను, 2021లో ఒక్కసారి మాత్రమే చూడగల ఫోటోలను ప్రవేశపెట్టింది. ఎవరూ చూడరన్న ధైర్యం వీటివల్ల పెరిగినా, మరొక ఫోనుతో తీసుకొన్న ఒక్క ఫోటో ఆ ధైర్యాన్ని వమ్ము చేయగలదు. మౌఖిక సంస్కృతిలో మరుపు ఒక రక్షణగా పనిచేసింది. లిఖిత సందేశం ఆ రక్షణను తొలగించింది.

6. మగపిల్లల దేహం: తెర, కొలత

దేహభావనను బాలికల సమస్యగా మాత్రమే చూడడం అసమగ్రం. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' మొదలుకొని 'నరసింహనాయుడు', 'ఆది', 'ఇంద్ర' వంటి చిత్రాలు సీమ మగవాడికి ఒక దేహాన్ని స్థిరపరిచాయి: మెలితిరిగిన మీసం, విశాలమైన ఛాతీ, బెదరని చూపు. 'ఒక్కడు' చిత్రం కర్నూలు కొండారెడ్డి బురుజును ఈ చిత్రపటంలో చేర్చింది. ఇతర ప్రాంతాల ప్రేక్షకులకు ఇది వినోదం. సీమలో పెరిగే బాలుడికి ఇది తన ఊరి పేరు వినగానే ఇతరులు తన నుంచి ఆశించే రూపం. మీసం రాని పదహారేళ్లవాడు, బక్కగా ఉన్న ఇంటర్మీడియట్ విద్యార్థి ఆ రూపంతో తమను పోల్చుకొన్నప్పుడు కలిగే న్యూనత పరిహాసం ముసుగులోనే బయటికి వస్తుంది. బాలికలు 'కదే' అని అడిగి తెచ్చుకొనే ఓదార్పుకు మగపిల్లల భాషలో సమానమైన మాట లేదు. తనను తానే ముందుగా గేలిచేసుకొని ఇతరుల గేలిని తప్పించుకోవడం వారి పద్ధతి.

దీనికి జీవనోపాధి కోణం తోడవుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు పురుష అభ్యర్థుల ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్ల విస్తరణ ఉండాలి. వానను నమ్ముకొన్న సేద్యం మీద ఆధారపడిన కుటుంబంలో యూనిఫాం ఉద్యోగం పెద్ద ఆశ. అటువంటి ఇంట్లో రెండు సెంటీమీటర్ల లోటు అద్దం ముందు కలిగే దిగులు మాత్రమే కాదు, ఇంటిల్లిపాది భవిష్యత్తు. నగర మధ్యతరగతిని దృష్టిలో ఉంచుకొన్న అధ్యయనాలకు దేహభావనలోని ఈ ఆర్థిక పార్శ్వం సులభంగా అందదు.

7. అరువు రూపం: రెండు సాహిత్య సన్నివేశాలు

ఫిల్టర్లతో సవరించిన ఫోటో నేటి కౌమార సంభాషణలకు కేంద్రం. అరువు రూపం గురించి లోతుగా ఆలోచించిన తెలుగు కావ్యం ఈ సీమకు చెందినదే. నంద్యాల కృష్ణరాజుకు అంకితమైన పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. ఆమె కలుసుకొన్న నలకూబరుడు నిజమైన నలకూబరుడు కాడు. అతని రూపం ధరించిన మణికంధరుడు. ఇద్దరూ ఇతరుల దేహాల్లో దాగి ఒకరినొకరు పొందుతారు. అసలు రంభ రావడంతో అసలెవరు, నకిలీ ఎవరన్న కలహం రేగుతుంది.

ఈ సన్నివేశాన్ని కథాకల్పనా చమత్కృతిగా విమర్శకులు ప్రశంసించారు. నేటి సందర్భంలో దీనికి మరో పఠనం సాధ్యం. కలభాషిణి సౌందర్యవతి. ఆమెకు రంభ రూపం అవసరమైంది తాను తక్కువ కావడం వల్ల కాదు, తాను కోరుకొన్న చూపు రంభ మీద ఉండడం వల్ల. పోలిక దేహంలో పుట్టదు, చూపులో పుడుతుంది. అరువు రూపంతో సాధించిన ప్రేమ అరువు రూపానికే దక్కుతుందన్న సత్యాన్ని సూరన ఉపదేశం లేకుండా కథాగతిలో నిరూపించారు. ఇరువైపులా సవరించిన ఫోటోల మధ్య జరిగే సంభాషణకు ఇంతకు మించిన వ్యాఖ్యానం అరుదు.

రెండవ సన్నివేశం ఓల్గా 'విముక్త' సంపుటిలోని 'సమాగమం' కథలోనిది. ఈ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇందులో శూర్పణఖ ముక్కుచెవులు కోల్పోయిన తరువాత తన రూపంపై కలిగిన అసహ్యంతో సుదీర్ఘంగా పోరాడి, పూలతోటను పెంచుతూ సౌందర్యాన్ని కొత్తగా అర్థం చేసుకొన్న స్త్రీ. ఆమె మాటలు వింటున్నది సీత. ఆ సంభాషణలో సీత ఓదార్చదు, తీర్పు చెప్పదు, వింటుంది. సఖీవాక్య సంప్రదాయంలోని సాక్షి ఈ కథలో తిరిగి కనిపిస్తుంది. సూరన అరువు రూపం చేరుకొనే అంతాన్ని చూపితే, ఓల్గా సొంత రూపానికి తిరిగివచ్చే దారిని చూపారు. ఆ దారిలో వినేవారి పాత్ర మాట్లాడేవారి పాత్రతో సమానం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, లావు, దొడ్డ, బక్క, సన్నం, ఎరుపు, చామనచాయ వంటి సీమ దేహవాచకాల అర్థ విస్తృతి సందేశాల భాషలో సంకుచితమై, వర్ణన తీర్పుగా మారుతున్నది. రెండు, స్థితి వాక్యం గుర్తింపు వాక్యంగా మారడం, కర్తృలోపం గల పరోక్ష కథనం, వాక్యాంత అభ్యర్థన కౌమార దేహ సంభాషణ వ్యాకరణంలో ముఖ్య లక్షణాలు. మూడు, వినే స్నేహితురాలు సాక్షి స్థానాన్ని కోల్పోయి తీర్పరిగా మారడం ఈ ప్రక్రియలో మౌలికమైన మార్పు.

పిల్లల ఫోన్లను తనిఖీ చేయడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. రహస్య సంభాషణ పరుల పరమైన మరుక్షణం మరో చాటుకు తరలిపోతుంది. తెలుగు తరగతి గది చేయగల పని వేరొకటి ఉంది. ప్రబంధ వర్ణనను బోధించేటప్పుడు అలంకారాలను గుర్తించడంతో ఆగకుండా, చూస్తున్నదెవరు, పోలుస్తున్నదెవరు, ఆ నాయికకు మాట్లాడే అవకాశం వస్తే ఏ వాక్యం వాడేది అనే ప్రశ్నలు అడగవచ్చు. లావు అంటే బలమనీ, దొడ్డ అంటే ఔదార్యమనీ, గిడ్డయ్య అనేది గౌరవవాచకమనీ పదహారేళ్ల విద్యార్థికి తెలియడం నిఘంటు జ్ఞానం మాత్రమే కాదు. రాత్రి స్నేహితుడి నుంచి సందేశం వచ్చినప్పుడు ఇవ్వదగిన మరో జవాబు తన భాషలోనే ఉందని తెలియడం.